నెలసరి ఆగే వయసులో కళ్ల మంట

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. ఏడాదిగా నెలసరి క్రమం తప్పింది. అప్పటి నుంచే కళ్లు మండుతున్నాయి, ఇసుక పడినట్టు గరగరలాడుతున్నాయి. రోజంతా కంప్యూటర్ పని. కంటి వ్యాయామాలతో తగ్గుతుందా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీ లక్షణాలు చూస్తే కళ్లు పొడిబారినట్టు అనిపిస్తోందమ్మా. నెలసరి ఆగే ముందు హార్మోన్లలో వచ్చే మార్పులతో రెప్పల అంచుల్లోని గ్రంథులు నూనెను సరిగా స్రవించకపోవచ్చు. అప్పుడు కన్నీటి పొర త్వరగా ఆరిపోతుంది. పైగా తెర చూస్తూ రెప్పలు వేయడమే మరచిపోతాం. వేసినా సగమే మూస్తాం.

వ్యాయామాలు హార్మోన్లను మార్చలేవు. కనుగుడ్లు గుండ్రంగా తిప్పడం కన్నా రెప్పలు పూర్తిగా వేయడమే మీకు మేలు. మెల్లగా కళ్లు మూసి, 2 సెకన్లు ఆగి తెరవండి. గంటకోసారి ఇలా 10 సార్లు చేయండి. ప్రతి 20 నిమిషాలకు 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడండి. రాత్రిపూట గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డను మూసిన రెప్పలపై 5–10 నిమిషాలు ఉంచండి. ఈ కాపడం ఒక్కరోజుతో ఫలితమివ్వదు, కొన్ని వారాలు ఓపిక పట్టాలి. ఫ్యాన్, ఏసీ గాలి ముఖానికి తగలనివ్వకండి. జలుబు, అలర్జీ మాత్రలు వాడుతుంటే డాక్టర్‌కు చెప్పండి, వాటిలో కొన్ని పొడిదనాన్ని పెంచుతాయి. ఎర్రదనం తగ్గించే చుక్కలు సొంతంగా కొని వేసుకోవద్దు.

రెండు, మూడు వారాల్లో తేడా కనిపించకపోతే, లేదా నోరు కూడా ఎండిపోతూ కీళ్లు నొప్పిగా ఉంటే కంటి వైద్యుల్ని కలవండి. తీవ్రమైన నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు హఠాత్తుగా మసకబారడం, కళ్లలో మెరుపులు కనిపిస్తే మాత్రం అదే రోజు వెళ్లండి.