తాళం వేసిన ఇంట్లో షవరు

ప్రశ్న: డాక్టరు గారూ, మా నాన్నగారికి 70 ఏళ్లు, షుగరుంది. ఒకప్పుడు సిగరెట్లు బాగా కాల్చేవారు. అమ్మానాన్నలు అమెరికాలో అన్నయ్య దగ్గర ఆరు నెలలుండి వచ్చే వారం హైదరాబాద్ వస్తున్నారు. అన్నాళ్లూ ఫ్లాటుకు తాళమే. మూసిన ఇంటి పైపుల నీళ్లతో న్యుమోనియా వస్తుందని అన్నయ్య కంగారు పడుతున్నాడు. తాగేది క్యాను నీళ్లే కదా, అంత భయపడాలా?
- ఒక పాఠకురాలు

జవాబు: మీ అన్నయ్య కంగారులో అర్థముందమ్మా. ఈ జబ్బు సాధారణంగా నీళ్లు తాగితే రాదు, తుంపర పీలిస్తే వస్తుంది. దీన్ని తెచ్చే లీజియొనెల్లా బ్యాక్టీరియా పైపుల లోపలి పాచిలో కాపురముంటుంది. నీళ్లు కదలకుండా, 25 నుంచి 45 డిగ్రీల గోరువెచ్చగా ఉంటే బాగా పెరుగుతుంది. మన ఎండలకు మేడ మీది ప్లాస్టిక్ ట్యాంకులో నీళ్లు ఎంత వేడెక్కుతాయో మీకు తెలిసిందే. షవరు తిప్పగానే ఆ నీళ్లు సన్నని తుంపరై ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

1976 జులైలో ఫిలడెల్ఫియాలోని ఒక హోటల్లో అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘం సభ జరిగింది. ఆ సభకూ, ఆ హోటలు పరిసరాలకూ వెళ్లినవారిలో 34 మంది న్యుమోనియాతో చనిపోయారు. కారణమైన బ్యాక్టీరియాను గుర్తించడానికి మరుసటి జనవరి దాకా పట్టింది. దాని పేరు ఆ సంఘం నుంచి వచ్చిందే.

నాన్నగారు రాకముందే ట్యాంకు కడిగించండి. కిటికీలు తెరిచి, మాస్కు పెట్టుకుని, షవరు తల విప్పేసి ప్రతి కుళాయినీ కొన్ని నిమిషాలు వదలండి. నీళ్లు చిందకుండా నెమ్మదిగా తిప్పాలి. గీజరు 60 డిగ్రీలకు పెట్టి, బాగా కాగాక వేడి కుళాయినీ అలాగే వదలండి. ఆ నీళ్లు చర్మం బొబ్బలెక్కిస్తాయి, జాగ్రత్త. షవరు తలకు పట్టిన గార తోమించాకే బిగించండి. నాన్నగారికి మాత్రం కొన్నాళ్లు బకెట్ స్నానమే మేలంటాను.

ప్రశ్న: ఏసీతోనూ వస్తుందా? ఒకరి నుంచి ఒకరికి అంటుతుందా?

జవాబు: ఇంట్లో స్ప్లిట్ ఏసీతో భయం లేదు. పెద్ద భవనాల మీది కూలింగ్ టవర్లతోనే ముప్పు. మామూలుగా మనిషి నుంచి మనిషికి అంటదు. తుంపర పీల్చిన రెండు నుంచి పద్నాలుగు రోజుల్లో జ్వరం, దగ్గు, ఆయాసం, ఒక్కోసారి విరేచనాలు, మతి తప్పడం కనిపిస్తాయి. పెన్సిలిన్ రకం మందులు దీనిమీద పనిచెయ్యవు, అజిత్రోమైసిన్, లీవోఫ్లాక్సాసిన్ లాంటివి పనిచేస్తాయి. అందుకే నాన్నగారికి జ్వరమొస్తే ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి తీసుకెళ్లి, ఆరు నెలలు మూసిన ఇంట్లో దిగారన్న మాట డాక్టరుకు మీరే ముందుగా చెప్పండి.