చలికాలపు నీళ్ల పొయ్యి – కట్టె పొదుపు



మార్గశిర పుష్య మాసములందు మన నల్లగొండ, మహబూబునగర మెరక ప్రాంతములలో రాత్రివేళ చలి పది డిగ్రీల దరిదాపులకు దిగుట కద్దు. అయినను చలిదేశములవారివలె గది గదికిని అగ్గిగూడు కట్టుకొని ఇల్లంతయు వెచ్చజేయు అలవాటు మనకు లేదు. మనకు వేడి వలసినది మూడు తావుల: వంటపొయ్యి, స్నానపు నీళ్ల కాగు, వృద్ధులకును బాలింతలకును పెట్టు కుంపటి. వంట చాల ఇండ్లలో గ్యాసుమీదికి పోయినది; అది మంచిదే, దానిని మరల కట్టెలపొయ్యికి మరల్పుమని నేను చెప్పను. తక్కిన రెంటిని గూర్చియే ఈ వ్యాసము.

మొదట కరెంటు లెక్క చూతము. ఒక యూనిట్టు కరెంటు 860 కిలోకేలరీల వేడినిచ్చును. ఇరువది లీటర్ల బకెట్టు నీటిని 20 డిగ్రీలనుండి 45 డిగ్రీలకు తెచ్చుటకు 500 కిలోకేలరీలు కావలెను. ఐదుగురున్న ఇంట దినమునకు ఐదు బకెట్లన్నచో 2,500 కిలోకేలరీలు, అనగా సుమారు 3 యూనిట్లు, నెలకు 90. మన రాష్ట్రమున 2024లో ప్రవేశపెట్టిన గృహజ్యోతి పథకము క్రింద అర్హతగల ఇంటికి నెలకు 200 యూనిట్లవరకు బిల్లు లేదు. ఆ హద్దు దాటినచో బిల్లు కట్టవలసినదే. నీళ్ల కడ్డీ ఒక్కటియే ఆ హద్దులో సగమునకు చేరువగా తినివేయుచున్నది. పథకము వర్తింపని ఇంటివారు ప్రతి యూనిట్టునకు వెల యిచ్చుచునే యున్నారు.

ఇక కట్టె లెక్క. బాగుగా ఎండిన కట్టె కిలోకు సుమారు 3,500 కిలోకేలరీల వేడి గలదు. కాని మూడు రాళ్ల పొయ్యిపై కాగు పెట్టినప్పుడు ఆ వేడిలో ఎనిమిదింట ఒక పాలు మాత్రమే నీటికి చేరును; తక్కినది గాలికిని, గోడలకును, పొగకును పోవును. ఈ చొప్పున పైన చెప్పిన ఐదు బకెట్లకు దినమునకు 6 కిలోల కట్టె పట్టును. నాలుగింట ఒక పాలు నీటికి చేర్చు పొయ్యియైనచో 3 కిలోలు చాలును. నూరు దినముల చలికాలమునకు ఆరు క్వింటాళ్లా, మూడు క్వింటాళ్లా అన్నది ఇచ్చటనే తేలుచున్నది.

అయితే పొయ్యికంటె ముందు చూడవలసినది కట్టె తడి. అప్పుడే నరికిన కట్టె బరువులో ఇంచుమించు సగము నీరే. కిలో నీటిని ఆవిరి చేయుటకు 600 కిలోకేలరీలకు పైగా కావలెను గావున, పచ్చికట్టె ముందు తన నీటిని తాను కాచుకొని, పిదప మన నీటిని కాచును. కిలో పచ్చికట్టెనుండి వచ్చు వేడి, కిలో ఎండుకట్టె వేడిలో సగము మాత్రమే. అది మండునప్పుడు వచ్చు పొగ కాలక వృథాయైన కట్టెయే గాని వేరొకటి కాదు. గ్రామములకు పోయినప్పుడు నేనీ మాట చెప్పుట మానివేసి, తూచి చూపుట మొదలిడితిని. పచ్చి దుంగ నొకదానిని తూచి, దానిమీదనే బొగ్గుతో బరువు వ్రాసి, ఆ ఇంటి అరుగుపై పెట్టి వత్తును. రెండు నెలలకు మరల పోయి తూచినచో, అంతవరకు నవ్వినవారే త్రాసు పట్టుకొని చూతురు.

మాఘ ఫాల్గుణములలో కట్టె కొట్టి, మణికట్టు లావునకు చీల్చి, రెండు రాళ్లపై అడ్డముగా కొయ్యలు పరచి వానిపై పేర్చవలెను. నేలను తాకినచో చెదపట్టును. పైన రేకుగాని తాటాకుగాని కప్పి ప్రక్కలు గాలికి విడువవలెను. నలువైపుల గోనెలు చుట్టుట కొందరి అలవాటు. అందువలన ఎండుటకు మారుగా బూజుపట్టును. కొనలు నెఱ్ఱెలు విచ్చి, రెండు కట్టెలు తట్టినప్పుడు ఖణీలున మ్రోగినచో అది పొయ్యికి వచ్చినదని యెరుగునది.

కట్టె కొనవలసిన పని రైతునకు సాధారణముగా లేదు. కంది కట్టె మన పొలములందు దొరకు వంటచెరకులో మేలైనది. తొందరగా ఎండును, వేడి నిలుపును. ఆముదపు కట్టె తేలిక, భగ్గున మండి ఆరిపోవును. నిప్పు రాజేయుటకు పనికివచ్చును. చెరువు శిఖములలోను బంజరులలోను అల్లుకొనిన సర్కారు తుమ్మ గట్టి కట్టె, నిప్పు చాలసేపు నిలుచును. ఈ చెట్టు మన దేశపుది కాదు. 1877 ప్రాంతమున విత్తనము తెప్పించి కడప మండలమున కమలాపురమునొద్ద పెంచిరి. నరికిన మొదలునుండి మరల చిగిర్చును గనుక ఏటేట కొట్టుకొనవచ్చును.

పత్తి కట్టె విషయమున మాత్రము జాగ్రత్త వలయును. పత్తి ఏరిన పిదప దానిని చేనిలోనే తగులబెట్టి, వానకాలమున వంటచెరకునకు వెదకుకొనువారిని చూచుచున్నాము. ఇంటికి తెచ్చుట మేలే. కాని కట్టెకు మిగిలిన గుడ్డికాయలలోను గింజలలోను గులాబీరంగు పురుగు దాగి వేసవి గడుపును. ఆ మోపులను చేనిగట్టున పేర్చి యుంచినచో, తొలకరి పత్తి పూతకు వచ్చునప్పటికి పురుగును మనమే పెంచి యిచ్చినట్లగును. కావున కాయలన్నియు దులిపి, ఏరి, వెంటనే కాల్చివేసి, వట్టి కట్టెను మాత్రమే తేవలెను. పేరిమి చేనికి దూరముగా ఉండవలెను. కంది కట్టెను మిగుల్చుకొని పత్తి కట్టెను ముందు వాడి, విత్తనము వేయకముందే ముగింపవలెను. మోపు కట్టెకు ఆశపడి పంట పోగొట్టుకొనుట లాభసాటి బేరము కాదు.

పొయ్యి సంగతికి వత్తము. ఈ విషయమున హైదరాబాదునకు మంచి పేరు కలదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలలో పనిచేసిన శ్రీ ఎస్. పి. రాజుగారు గొట్టముగల పొగలేని మట్టిపొయ్యిని రూపొందించి, 1953లో దానిని గూర్చి ఆంగ్లమున పుస్తకము ప్రకటించిరి. పిమ్మట 1980 దశకమున కేంద్ర ప్రభుత్వమువారు దేశమంతట ఇట్టి పొయ్యిలను లక్షలకొలది కట్టించిరి. వానిలో పెక్కు నిలువలేదు. గొట్టమున మసి తీయువారు లేరు. పగులు వచ్చినప్పుడు మెత్తువారు లేరు. పొయ్యి కట్టుట ఒకనాటి పని, కాపాడుట ఏడాది పని.

నీళ్ల పొయ్యి కట్టుట కష్టము కాదు. పుట్టమన్నును నరికిన వరిగడ్డితో కలిపి రెండు దినములు నాననిచ్చి త్రొక్కవలెను. కాగు సగము లోనికి దిగి, అంచు చుట్టును మట్టికి ఆనునట్లు గుంట తీయవలెను. ఇదియే ముఖ్యము, సందున్నచో వేడి అటనే పోవును. కట్టె పెట్టు నోరు జానెడు వెడల్పునకు మించరాదు. అడుగున ఇనుప జాలీ వేసినచో బూడిద రాలి, క్రిందినుండి గాలి వచ్చును. నోటికి ఎదురుగా వెనుకవైపున నాలుగంగుళాల గొట్టము పెట్టి, కప్పునకు రెండడుగులు పైకి లేపవలెను. గడ్డికప్పైనచో గొట్టము గడ్డిని తాకకుండ చుట్టును రేకు తొడిగి, సందు మట్టితో పూడ్చవలెను. పదునైదు దినములు నీడన ఆరిన పిదపనే నిప్పు పెట్టవలెను. పదిదినముల కొకసారి మసి దులుపవలెను. కాగుపై మూత పెట్టుట మరువరాదు.

కుంపటి విషయము కడపట చెప్పుచున్నాను గాని, అదియే అన్నిటికంటె భయంకరమైనది. బాలింత గదిలో తలుపు కిటికీ మూసి, మంచము క్రింద నిప్పుల కుంపటి పెట్టు ఆచారము ఇంకను కొన్ని యిండ్ల నున్నది. బొగ్గు పొగ లేకుండ మండును గావున అపాయము లేదనుకొందురు. కాలుచున్న బొగ్గునుండి కార్బను మోనాక్సైడను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. తల దిమ్ముగా నుండును, వాంతి వచ్చినట్లుండును, నిద్ర ముంచుకొని వచ్చును. ఆ నిద్రనుండి లేవకపోవచ్చును. ఒకయేట చలికి ఓర్వలేక మేమును గదిలో కుంపటి పెట్టుకొని పడుకొంటిమి. తలనొప్పితో లేచి తలుపు తీసినది నా భార్య. నాకు మెలకువయే రాలేదు. అప్పటినుండి మా యింట కుంపటి వాకిటనే.

బాలింతకును శిశువునకును వెచ్చదనము కావలెనన్నచో రగ్గులు కప్పవలెను. బిడ్డను తల్లి యొడలికి ఆనించి పడుకొనబెట్టవలెను. కుంపటి వెలిగించి తీరవలెనన్నచో ఎదురెదురుగా రెండు తావుల గాలి వచ్చునట్లు తెరచి, మెలకువగా నున్నంతసేపే యుంచి, నిద్రకు ముందు వెలుపల పెట్టవలెను. గదిలో నెవరైనను సొమ్మసిల్లియుండిన, ముందు తలుపులు తీసి వారిని బయటి గాలికి మోసికొనిపోయి, వెంటనే 108 బండికి కబురు చేయవలెను. తేరుకొని లేచి కూర్చుండినను ఆసుపత్రిలో చూపించియే ఇంటికి తీసికొని రావలెను.