కాలువకు ఎదురు ప్రయాణం

మా ఇంటి కుర్రాళ్ళలో ఎవరు కారు కొన్నా ముందు అడిగేది హంపికి దారి. హంపి ఎక్కడికీ పోదు. నేను చెప్పే దారి వేరు. మంత్రాలయం దగ్గర మొదలై రాయచూరు, మాన్వి, సింధనూరు, కారటగి, గంగావతి మీదుగా ఆనెగొంది చూసుకుని మునీరాబాదులో తుంగభద్ర ఆనకట్ట దగ్గర తేలుతుంది. మంత్రాలయం దాటితే అంతా కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న రాయచూరు అంతర్వేది. కర్నూలులో ధాన్యం కమీషన్ వ్యాపారం చేసిన కాలంలో సరుకు కోసం కొంత, బకాయిల కోసం అంతకన్నా ఎక్కువ, ఈ నేలంతా తిరిగాను. బండి తీసేముందు తెలిసి ఉంటే మంచిదనిపించినవి ఇవి.

1. కాలువ తోక దగ్గర మొదలుపెట్టండి.

అందరూ హొసపేట వైపు నుంచి వస్తారు. ఆనకట్ట, దాని కింద పచ్చదనం, గంగావతి మిల్లులు చూసి, ఇదంతా అన్నపూర్ణ అనుకుని వెనక్కి తిరుగుతారు. మాన్వి దాకా వచ్చేవాళ్ళు తక్కువ. తుంగభద్ర ఎడమ గట్టు కాలువ 227 కిలోమీటర్లు. రాయచూరు, మాన్వి, సిరివార దాని కొసన ఉన్నాయి. అక్కడ పిల్ల కాలువల్లో నీళ్ళకన్నా గడ్డి ఎక్కువ కనిపిస్తుంది. నల్లరేగడిలో పత్తి, కంది, జొన్న, శనగ. పంట పొట్టకొచ్చే వేళకి నీళ్ళందక రైతులు రోడ్డెక్కుతారు. అప్పుడు మీ కారు ఆగిపోతే హారన్ కొట్టకండి. దిగి మాట్లాడండి. ప్రాజెక్టు రిపోర్టుల్లో దొరకని సంగతులు అక్కడ అరగంటలో తెలుస్తాయి.

తోక నుంచి తలవైపు వెళ్ళేవాడికే తేడా కంటికి ఆనుతుంది. ఒక్కో డిస్ట్రిబ్యూటరీ దాటుతుంటే పత్తి తగ్గి, వరి పెరిగి, చివరికి వరి తప్ప మరోటి కనబడదు.

2. బయల్దేరే ముందు కోసిగి స్టేషన్‌లో కాసేపు ఆగండి.

మంత్రాలయం పక్కనే. సంక్రాంతికి అటూ ఇటూ వెళితే మూటలు, వంటపాత్రలు, పసిపిల్లలతో కుటుంబాలకు కుటుంబాలే కనిపిస్తాయి. గుంటూరు వైపు మిరపకోతకు వలస పోతుంటారు, ఇక్కడ దాన్ని సుగ్గి అంటారు. ఇక్కణ్ణించి మనుషులు కోస్తాకు కూలికి పోతారు. నదికి అవతల, కాలువ గట్టున, కోస్తా నుంచి వచ్చిన రైతుల మనవలు వరి పండిస్తుంటారు. ఈ రెండు ప్రయాణాలనూ నడిపింది నీళ్ళే. ఒకచోట లేక, ఒకచోట ఉండి.

3. రాయచూరులో బిర్యానీకన్నా ముందు కోటగోడ.

1294లో కట్టిన కోట. పశ్చిమ గోడలో నలభై అడుగులు దాటిన ఒకే రాయి, దాని మీద తెలుగు శాసనం. కాకతీయుల కాలపు గోరె గన్నారెడ్డి కట్టించాడని చెబుతుంది. ఆ రాతిని బండి మీద ఎక్కించి, పశువుల బారు కట్టి ఎలా లాక్కొచ్చారో చూపే బొమ్మ కూడా గోడమీదే చెక్కారు. శాసనాల్లో రాజుల బిరుదులు చదివీ చదివీ విసిగిన నాకు, పనిని బొమ్మ గీసి పెట్టిన ఆ శిల్పి మీద గొప్ప గౌరవం. ఈ కోట కోసం 1520లో కృష్ణదేవరాయలు, బిజాపూరు సుల్తాను కొట్టుకున్నారు. రెండు నదుల మధ్య నేల ఎవరికి వద్దు?

4. చీకటి పడితే బండి ఆపేయండి.

కోతల కాలంలో సగం రోడ్డు కళ్ళం అవుతుంది. తారు మీద ధాన్యం ఆరబోసి, కుప్ప చుట్టూ రాళ్ళు పెడతారు. పగలు రాయి కనిపిస్తుంది, రాత్రి కనిపించదు. వెనక లైటు లేని ట్రాక్టర్లు, దారంతా తనదే అన్నట్టు నడిచే కోత మిషన్లు. ఎంత మంచి డ్రైవరైనా ఇక్కడ రాత్రి ప్రయాణానికి నేను ఒప్పుకోను.

5. ‘క్యాంపు’ అంటే గుడారాలని అనుకోకండి.

సింధనూరు దాటాక ఊరి పేర్ల చివర ‘క్యాంపు’ వరసగా తగులుతుంది. 1953లో ఆనకట్ట నీళ్ళిచ్చింది. కాలువ కింది నేలను చదును చేసి వరి మడులు కట్టడం ఇక్కడి రైతులకు అలవాటు లేదు. వాళ్ళది వర్షాధారం, జొన్న, రేగడి. గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులకు కాలువ వ్యవసాయం పుట్టుకతో తెలుసు. అక్కడ ఎకరం అమ్మితే ఇక్కడ చాలా ఎకరాలొచ్చే రోజులవి. అమ్ముకుని వచ్చారు. పొలాల దగ్గరే పాకలు వేసుకున్నారు. ఆ పాకలే క్యాంపులు, తర్వాత ఊళ్ళు. గంగావతి దగ్గరి శ్రీరామనగర అట్లాంటిదే. ఇవాళ దాని చుట్టూ రైసు మిల్లులు.

అరుగు మీద కూర్చున్న పెద్దాయన మీ కారు నంబరు చూడగానే “ఏ ఊరు బాబూ మనది?” అంటాడు. ఆ మాటలో గోదావరి యాస ఇంకా ఉంటుంది. ఆయన మనవడు స్నేహితుడితో ఫోనులో కన్నడం మాట్లాడుతుంటాడు. ఇద్దర్నీ కూర్చోబెట్టి ‘మీ సొంతూరేది’ అని అడగండి. జవాబులు రెండొస్తాయి, రెండూ నిజమే.

ధాన్యం లెక్క ఇక్కడ 75 కిలోల బస్తా. బాపట్ల పరిశోధన కేంద్రంలో పుట్టిన బీపీటీ 5204, సాంబ మసూరి, ఈ మడుల్లో కూడా పేరు తెచ్చుకుంది. విత్తనం, మనిషి ఒకే దారిన వచ్చారన్నమాట.

6. క్యాంపులో కాఫీ తాగితే, పక్క ఊళ్ళో రొట్టె తినండి.

ఇది నేను అందరికీ గట్టిగా చెప్పే మాట. తెలుగువాడు క్యాంపులో దిగి, తెలుగు మాట్లాడి, పప్పు ఆవకాయ తిని, ‘మనవాళ్ళు బంజరును బంగారం చేశారు’ అని మురిసిపోయి వచ్చేస్తాడు. పక్కనున్న పాత ఊరికి వెళ్ళడు. ఆ భూమి ఎవరిదో, ఎంతకు అమ్మారో, అమ్మినవాళ్ళ పిల్లలు అదే మడిలో నాట్లకు కూలికి పోయారో లేదో ఆ ఊరే చెప్పాలి. తట్టి చేసిన జొన్న రొట్టె, గుత్తొంకాయకు దగ్గరి చుట్టమైన ఎణ్ణెగాయి, గురెళ్ళ పొడి పెడతారు. తింటూ వినండి. వాదించకండి. క్యాంపు రైతు చెమటా నిజం, పాత ఊరి నష్టమూ నిజం.

భాష గురించి ఒక్కమాట. ఈ దారంతా తెలుగు చెల్లుతుంది, దక్కనీ ఉర్దూ చెల్లుతుంది. అయినా రెండు కన్నడ ముక్కలు నేర్చుకుని వెళ్ళండి. “ఊట ఆయ్తా?” (భోజనమైందా?) అని మీరే ముందు పలకరిస్తే తర్వాత సంభాషణ ఏ భాషలో నడిచినా ఫరవాలేదు.

7. సింధనూరులో చేపల బజారు అడగండి.

అక్కడ బెంగాలీ వినిపిస్తే ఆశ్చర్యపోవద్దు. తూర్పు బెంగాల్ నుంచి శరణార్థులుగా వచ్చిన కుటుంబాలకు ప్రభుత్వం సింధనూరు దగ్గర పునరావాసం కల్పించింది. వాటినే ఆర్‌హెచ్ క్యాంపులంటారు. దసరాకు దుర్గాపూజ మండపాలు కడతారు. వాళ్ళ క్యాంపు కొనుక్కుని వచ్చినవాళ్ళది కాదు, పోగొట్టుకుని వచ్చినవాళ్ళది. ఒకే కాలువ మీద ఒకే పేరున్న రెండు రకాల ఊళ్ళు. తేడా తెలుసుకుని మాట్లాడాలి.

8. బంగారం కోసం పక్కదారి పట్టండి, దొరికేది వేరే.

సింధనూరు నుంచి లింగసుగూరు దారిలో మస్కి వస్తుంది. 1915లో బంగారు గనుల ఇంజనీరు బీడన్ ఖనిజం వెతుక్కుంటూ ఇక్కడి కొండమీద శాసనం కనిపెట్టాడు. అశోకుడి శాసనాల్లో ఆయన పేరు ‘అశోక’ అని స్పష్టంగా కనిపించిన తొలి శాసనం అదే. అంతకుముందు దొరికిన ఆయన శాసనాలన్నీ ‘దేవానాంపియ’, ‘పియదసి’ లాంటి బిరుదులతో సరిపెట్టినవే.

ఇంకాస్త ముందుకు పోతే హట్టి. కోలారు గనులు 2001లో మూతపడ్డాయి, హట్టి నడుస్తూనే ఉంది. గనిలోకి అనుమతి లేకుండా వెళ్ళనివ్వరు. బయట నిలబడి ఆలోచించడానికి అనుమతి అక్కర్లేదు. ఇక్కడ బంగారం ఉంది. కృష్ణ ఒడ్డున శక్తినగర్‌లో థర్మల్ విద్యుత్తు ఉంది. తుంగభద్ర అవతల సండూరులో ఇనుప ఖనిజం ఉంది. రెండు నదులున్నాయి. అయినా ఈ జిల్లాలను వెనుకబడినవిగా గుర్తించి, రాజ్యాంగంలో 371(జె) అధికరణం చేర్చాల్సి వచ్చింది. ఖనిజం నేలలో ఉంటే చాలదు, దాని లాభం ఆ నేల మీద ఆగాలి.

9. పొలంలో తెల్లటి పొర కనిపిస్తే బండి ఆపండి.

గంగావతి, సింధనూరు చుట్టుపక్కల మంచి వరి నడుమ అక్కడక్కడ ముక్కలు ముక్కలుగా బోడి నేల. సున్నం చల్లినట్టుంటుంది. అది చౌడు. ఈ కాలువను వేసినవాళ్ళు జొన్న, వేరుశనగ, పత్తి లాంటి ఆరుతడి పంటలను ఎక్కువగా, వరిని కొద్దిగా లెక్కేసుకున్నారు. తల దగ్గర అందరూ రెండు పంటలూ వరే వేశారు. మురుగు పోయే దారి లేని రేగడిలో నీళ్ళు నిలిచి, అడుగున ఉన్న ఉప్పు పైకొచ్చింది. గంగావతి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చౌడు నేలల మీద ప్రత్యేకంగా పని జరుగుతోంది. వరి మీద బతికిన వ్యాపారిని, వరిని తిట్టే హక్కు నాకు అంతగా లేదు. కానీ తలలో ఎక్కువ నీళ్ళు పొలాన్ని పాడు చేస్తుంటే, తోకలో నీళ్ళు లేక పంట ఎండుతోంది. నీటి తగాదా అంటే రెండు రాష్ట్రాల మధ్యే అనుకునేవాళ్ళు ఈ ఒక్క కాలువ వెంట నడవాలి.

10. రాళ్ళ గుట్టల్లో ఒక పూట.

గంగావతి దగ్గర హిరేబెణకల్. కొండమీద వందల సంఖ్యలో ఇనుపయుగపు రాతి గూళ్ళు. ఊళ్ళోవాళ్ళు మోర్యర గుడ్డ అంటారు. నీళ్ళు, టోపీ తప్పనిసరి. పైన అమ్మేవాడెవడూ ఉండడు. అక్కణ్ణించి ఆనెగొందికి దిగితే విజయనగర కాలపు కాలువలు నేటికీ అరటి తోటలకూ మడులకూ నీళ్ళిస్తూ కనిపిస్తాయి.

11. ఆనకట్టను చివర చూడండి.

హైదరాబాదు సంస్థానం, మద్రాసు రాష్ట్రం కలిసి కట్టిన గోడ. సిమెంటు కాదు, సున్నం, సుర్కీ. 33 గేట్లు. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. వరద పోతుండగానే, తెలుగువాడైన గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు సలహాతో ఇనుప పలకలు దించి ఆ ఖాళీ పూడ్చారు. ఆ వారం రోజులూ కాలువ కింద ఎవరికీ కంటిమీద కునుకు లేదు. గేటు సంగతి అందరూ మాట్లాడారు. పూడిక సంగతి ఎవరూ ఎత్తరు. కట్టినప్పుడు 133 టీఎంసీల జలాశయం, ఇప్పుడు నిలిచేది సుమారు 105. తగ్గిన 28 టీఎంసీల భారం ముందు పడేది మాన్వి, రాయచూరు పొలాల మీదే.

వెళితే నవంబరులో వెళ్ళండి. కాలువలో నీళ్ళుంటాయి, కోతలు నడుస్తుంటాయి, రాయచూరు మార్కెట్‌కు పత్తి వస్తుంటుంది. పిల్లలకు సెలవులని మే నెలలో మాత్రం వద్దు. అప్పుడు కాలువ ఎండి ఉంటుంది, ఎండ 40 డిగ్రీలు దాటుతుంది.