తెర కట్టే ముందు

ఓడలరేవు

చిరంజీవి అమ్మడికి,

నీ ఉత్తరం అందింది. టీచరు శిక్షణ కాలేజీలో, అదే డైట్‌లో, రెండో ఏడు మొదలైందనీ, టీచింగ్ ప్రాక్టీసుకి మన ఊరి ప్రాథమిక పాఠశాలనే అడిగి తీసుకున్నాననీ రాశావు. చాలా సంతోషం. పిల్లల చేత బొమ్మలాట ఆడించాలని, ఒక కళాకారుణ్ణి పిలిపించి రెండు మూడు రోజులు వర్క్‌షాపు పెట్టాలని నీ ఆలోచన. మీ లెక్చరర్ గారేమో, "దీనివల్ల పిల్లలకేం వస్తుంది? ముందు అది రాసి తీసుకురా" అన్నారని చిన్నబుచ్చుకున్నావు. చిన్నబుచ్చుకోకు తల్లీ. ఆయన అడగాల్సిందే అడిగారు. ఆ జవాబు తేల్చుకున్నాకే తెర కట్టాలి. బడిలో పనిచేసినన్నాళ్లూ నేను నమ్మింది, చేసి చూసింది ఇక్కడ రాస్తున్నాను.

ముఖ్యమైన మాట ముందే చెబుతాను. ఆట చూసినంత మాత్రాన పాఠం రాదు. చూశాక పిల్లలు ఏదో ఒకటి తమ చేత్తో చెయ్యాలి. చేసినదాని గురించి తమ నోటితో చెప్పాలి. చెప్పినదాన్ని చదవాలి, రాయాలి. ఇంతవరకూ వస్తేనే అది చదువు. చప్పట్ల దగ్గర ఆగిపోతే అది కాలక్షేపం. కాలక్షేపం తప్పని నేననను, పిల్లలకి అదీ కావాలి. కానీ బడి గంటల్లోంచి సమయం తీసుకుంటున్నాం కాబట్టి ఆ సమయానికి మనం లెక్క చెప్పాలి.

ఇది నిన్నగాక మొన్న పుట్టిన ఆలోచనేమీ కాదు. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా మన వాళ్లందరికీ తెలిసిన న్యాపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1940లో మద్రాసులో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టారు. పిల్లల చేతే పాడించారు, నాటికలు వేయించారు. అంతవరకూ పెద్దలు మాట్లాడితే పిల్లలు వినేవాళ్లు. ఆ దంపతులు పిల్లల్నే మైకు ముందు నిలబెట్టారు. గుజరాత్‌లో గిజూభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరం మొదలుపెట్టి, ఆ తర్వాత రాసిన పుస్తకం తెలుగులో 'పగటికల' పేరుతో వచ్చింది. కథలతో, ఆటలతో, నాటకాలతో నాలుగో తరగతికి పాఠం చెప్పిన ఒక మాస్టారి కథ అది. మీ లైబ్రరీలో ఉంటుంది, తప్పకుండా చదువు. ఇంగ్లండులో కోవెంట్రీ ఊరి బెల్‌గ్రేడ్ థియేటరు వాళ్లు 1965లో నటుల్ని బళ్లకి పంపడం మొదలుపెట్టారు. అక్కడి నుంచి పెరిగిన పద్ధతిలో నాటకం నడుమ ఆపి, ఇప్పుడేం చెయ్యాలో పిల్లల్నే తేల్చమంటారు. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా కూడా 1989లో విద్యలో నాటకం కోసం ప్రత్యేకంగా ఒక బృందాన్ని పెట్టింది.

మా తరం టీచర్లకి మాత్రం ఈ దారి చూపించింది ఏపీపెప్. ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకమని దాని పూర్తి పేరు. బ్రిటన్ ప్రభుత్వ సాయంతో 1983లో ప్రయోగంగా మొదలై, 1989 నుంచి రాష్ట్రమంతా పాకింది. చేసి నేర్చుకోవడం, జట్టుగా పనిచెయ్యడం, ఊరి పరిసరాల్నే పాఠానికి వాడుకోవడం, పిల్లలు చేసినవాటిని తరగతి గోడల మీద పెట్టడం దాని సూత్రాల్లో ఉండేవి. టీచర్స్ సెంటర్లో కూర్చుని అట్టలు కత్తిరించి, జిగురు పూసి, మర్నాటి పాఠానికి సామగ్రి మేమే తయారుచేసుకునేవాళ్లం. పథకం ముగిసినా ఆ అలవాటు మంచి టీచర్లని వదల్లేదు. ఇప్పుడు 2020 జాతీయ విద్యావిధానం కళల్ని పాఠంలో కలపమని చెబుతోంది. కాబట్టి నువ్వు అడిగేది నిబంధనల్లో లేనిదేమీ కాదు, ధైర్యంగా అడుగు.

ఇక పనిలోకి వద్దాం. మొదటి వర్క్‌షాపు నీడబొమ్మలతో మొదలుపెట్టు. ఖర్చు దాదాపు లేదు. పాత శుభలేఖల అట్టలు, ఈనె పుల్లలు, దారం, ఒక తెల్ల పంచె, ఒక టార్చిలైటు చాలు. మన ఊళ్లో ఈనె పుల్లలకి కరువేముంది! నాలుగు, ఐదు తరగతుల పిల్లలు బొమ్మ గీసి కత్తిరించి, మధ్యలో చిల్లులు పెడతారు. ఒకటి, రెండు తరగతుల వాళ్లకి కత్తెర ఇవ్వకు, వాళ్లు పుల్ల కట్టి, చిల్లుల మీద చాక్లెట్ల రంగు కాగితం అంటిస్తారు. బొమ్మ చెయ్యి ఒక్కటీ విడిగా కత్తిరించి, భుజం దగ్గర దారంతో ముడి వేయించు. ముడి మరీ బిగిస్తే చెయ్యి కదలదు, వదులైతే వేలాడిపోతుంది. ఎంత బిగించాలో నువ్వు చెప్పకు, వాళ్లే రెండు మూడుసార్లు విప్పి కట్టుకుని తెలుసుకోవాలి.

తలుపులు మూసి, పంచె కట్టి, వెనక టార్చి పెట్టు. దీపం పంచెకి రెండు మీటర్ల దూరంలో ఉండాలి. పదిహేను సెంటీమీటర్ల బొమ్మని పంచెకి ఆనిస్తే నీడ కూడా అంతే పడుతుంది, అంచు నిక్కచ్చిగా ఉంటుంది. అదే బొమ్మని దీపానికీ పంచెకీ సరిగ్గా మధ్యలో, అంటే మీటరు దూరంలో పట్టుకుంటే నీడ ముప్పై సెంటీమీటర్లవుతుంది. ఐదో తరగతి పిల్లల్ని స్కేలుతో కొలిచి పట్టికలో రాయమను. ఇంకాస్త దీపం వైపు జరిపితే ఎంతవుతుందో ముందు ఊహించి రాసి, తర్వాత కొలవమను. అట్టకి నల్లటి నీడ పడి, చాక్లెట్ కాగితానికి రంగు నీడ పడటం చూసి ఎవరో ఒకరు "అదేంటి టీచర్?" అంటారు. వెంటనే జవాబు చెప్పెయ్యకు. చెక్క, పల్చని ఆకు, తడిపిన కాగితం, గాజు, ఒక్కొక్కటే దీపం ముందు పెట్టించు. వెలుతురు దేంట్లోంచి వస్తుందో, దేంట్లోంచి రాదో వాళ్లే వేరు చేస్తారు. పరిసరాల విజ్ఞానం, కొలతలు, తెలుగు, మూడు పాఠాలూ ఆ పంచె దగ్గరే అయిపోతాయి. మీ లెక్చరర్ గారికి రాసి ఇవ్వాల్సింది ఇదే.

మన తోలుబొమ్మలాటలో నవ్వించడానికి కేతిగాడు, బంగారక్క ఉంటారు కదా. కేతిగాడిని నీ చేతిలో పెట్టుకో. వాడికి లెక్కలు రావు, అక్షరాలు తప్పు చదువుతాడు. "పద్దెనిమిది కొబ్బరికాయలు ముగ్గురికి పంచితే ఒక్కొక్కరికి ఎనిమిది!" అంటాడు. తరగతంతా లేచి కాదంటుంది. "అయితే ఎలాగో చూపించండి" అంటాడు కేతిగాడు. అప్పుడు నోరెత్తని పిల్ల కూడా గింజలు పట్టుకుని ముందుకొస్తుంది. టీచరు ముందు తప్పు చెప్పడానికి భయపడే పిల్లలు బొమ్మ తప్పుని దిద్దడానికి భయపడరు. అయితే ఒక జాగ్రత్త. కేతిగాడి తప్పులు తరగతిలో ఏ ఒక్కరూ చేసే తప్పుల్లా ఉండకూడదు. నవ్వు బొమ్మ మీదే ఉండాలి, పక్కవాడి మీదకి వెళ్లకూడదు.

ఇంకో పద్ధతి, డొరతీ హీత్‌కోట్ అనే ఇంగ్లండు టీచరు పెంచింది. పాఠం చెప్పే టీచరే పాత్రలోకి దిగుతుంది. అదీ ఏమీ తెలియని పాత్రలోకి. భుజాన సంచి, చేతిలో ఫైలు పట్టుకుని లోపలికి రా. "అండీ, నేను ఈ ఊరికి కొత్త. వైనతేయ ఏరు సముద్రంలో కలిసే చోట ఇల్లు కట్టుకుందామని ఉంది. ఎక్కడ కట్టుకోమంటారు?" అని అడుగు. ఇక చూడు. పోటొస్తే నీళ్లు ఎంతవరకూ వస్తాయో, ఇసుక ఎటువైపు కోసుకుపోతుందో, గాలికి సరుగుడు తోట ఎలా అడ్డుపడుతుందో నీకు పాఠం చెప్పడం మొదలుపెడతారు. "ఆయ్, అక్కడొద్దండీ" అంటారు. "నాకు అర్థం కాలేదు, గీసి చూపించండి" అను. నేల మీద సుద్దతో ఏరు, సముద్రం, బడి, ఓఎన్‌జీసీ టెర్మినలు, పడవల రేవు గీస్తారు. తూర్పు ఏదో, పడమర ఏదో అక్కడే తేలుతుంది. పుస్తకంలో పటం పాఠం మర్నాడు తెరువు. ముందు రోజు తామే పటం గీసినవాళ్లు పుస్తకంలో పటాన్ని ఇట్టే చదువుతారు. సముద్రం మీద బతికే ఇళ్ల పిల్లలకి తెలిసినంత మనకి తెలియదు తల్లీ. వాళ్లకి తెలిసినదాన్ని బడి గుర్తించిందని వాళ్లకి అర్థమయ్యేలా చెయ్యడం ఆ రోజంతటికీ పెద్ద పని.

చదవడంలో వెనకబడ్డవాళ్ల కోసం బుర్రకథ. నాజర్ గారు ఊరూరా వినిపించి, 1986లో పద్మశ్రీ అందుకున్న కళ అది. నడుమ కథకుడు, రెండు పక్కలా వంతలు. ఒక వంత హాస్యం చెబుతాడు, రెండో వంత లోకం సంగతులు ఎత్తుతాడు. వినేవాళ్లకి వచ్చే సందేహాన్ని వంతే ముందు అడిగేస్తాడు. అందుకే అది తరగతికి అంత బాగా నప్పుతుంది. ఒక పాఠాన్ని పిల్లల చేతే చిన్న చిన్న వాక్యాలుగా రాయించు. ముగ్గురు చెబుతారు, తక్కిన తరగతంతా వంత పాడుతుంది. పేజీని రెండోసారి చదవమంటే విసుక్కునే పిల్లవాడు తన వంతు మాటల్ని ఎన్నిసార్లయినా చదువుకుంటాడు. ధారాళంగా చదవడం అలా మళ్లీ మళ్లీ చదివితేనే వస్తుంది. రిహార్సల్ అసలు విలువ అక్కడుంది, కాబట్టి కాగితం చూసి చదవనివ్వు. బట్టీ పట్టించకు.

కథావస్తువు కోసం దూరం వెళ్లొద్దు. 1996 నవంబరు 6 తుఫాను గురించి ఇంటి దగ్గర తాతల్ని, మామ్మల్ని అడిగి రమ్మను. ఏ గుర్తు చూసి జాగ్రత్తపడ్డారు, ఎక్కడ తలదాచుకున్నారు, పడిపోయిన కొబ్బరితోటల్ని మళ్లీ ఎలా నిలబెట్టుకున్నారు అని అడగమను. కానీ ముందు నువ్వు ఇళ్లకి వెళ్లి మాట్లాడు. మనుషుల్ని పోగొట్టుకున్న ఇళ్లున్నాయి. వాళ్లు ఇష్టపడి చెప్పిందే కథలోకి రావాలి. కథ చివర ఇప్పుడు తుఫాను హెచ్చరిక వస్తే మనం చెయ్యాల్సిన పనులు పిల్లలే వరసగా చెప్పాలి.

కళాకారుణ్ణి పిలవాలన్నావు, తప్పక పిలువు. కాకినాడ దగ్గర మాధవపట్నంలో తోలుబొమ్మల కుటుంబాలున్నాయి. రాయలసీమలో నిమ్మలకుంట ఉంది, ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుని వెలుతురు దాటేంత పల్చగా చేసి రంగులద్దిన బొమ్మ తెర మీద వెలిగినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి. మన అట్టబొమ్మ ఎందుకు నల్లగా పడిందో, వాళ్లది ఎందుకు రంగులతో మెరిసిందో ఆ క్షణాన పూర్తిగా అర్థమవుతుంది. అందుకే ముందు పిల్లల చేత బొమ్మలు చేయించి, ఆ తర్వాతే కళాకారుణ్ణి పిలువు. తమ చేత్తో ముడి వేసి చూసినవాళ్లు ఆయన్ని అడిగే ప్రశ్నలే వేరుగా ఉంటాయి. ఆ ప్రశ్నల్ని ముందు రోజే రాయించి పెట్టు. వచ్చినాయనకి దారిఖర్చు, భోజనం, పారితోషికం ముందే మాట్లాడి, వెళ్లేటప్పుడు చేతిలో పెట్టాలి. విద్య నేర్పిన మనిషిని శాలువాతో సరిపెట్టి పంపకూడదు. నీకు నువ్వుగా నేర్చుకోవాలంటే 1979లో ఏర్పడిన సాంస్కృతిక వనరుల, శిక్షణ కేంద్రం (సీసీఆర్‌టీ) టీచర్లకి బొమ్మలాటలో శిక్షణ ఇస్తుంది, దాని ప్రాంతీయ కేంద్రం హైదరాబాదులో ఉంది. ఉద్యోగంలో చేరాక దరఖాస్తు చెయ్యి.

"పాఠాలు మానేసి ఆటలేంటి?" అని తల్లిదండ్రులు అడిగితే నొచ్చుకోకు, వాళ్లని బడికి పిలువు. మదనపల్లె దగ్గర ఋషివ్యాలీ వాళ్లు నడిపే పల్లె బడుల్లో మెట్రిక్ మేళా అని జరుపుతారు. కొలతలు, తూకాలు, లెక్కల ఆటలు జాతరలా పెట్టి, ఊరివాళ్లని పిలుస్తారు. మనమూ చెయ్యొచ్చు. కాటా దగ్గర ఒక జట్టు, టేపు దగ్గర ఒక జట్టు, చేపల వేలంపాట నాటకంలో ఇంకో జట్టు. వేలం ఎలా పాడాలో పిల్లలకి నేర్పడానికి ఆ తండ్రుల్లోంచే ఒకరిని పిలువు. తన బిడ్డ చిల్లర లెక్కగట్టి ఇవ్వడం కళ్లారా చూసిన తండ్రికి ఇంకేమీ చెప్పక్కర్లేదు.

వార్షికోత్సవంలో జరిగే పొరపాటు నువ్వు చెయ్యకు. రికార్డు పెట్టి, అద్దె బట్టలు వేసి, బాగా చేసే నలుగురినే ముందు నిలబెడతారు. మిగతావాళ్లు చాపల మీద కూర్చుంటారు. నీ ఆటలో కూర్చునేవాళ్లు ఉండకూడదు. మాట్లాడలేనివాళ్లు డప్పు పట్టుకుంటారు, దీపం పట్టుకుంటారు, అట్ట మీద పేర్లు రాస్తారు. ఏ పనిచ్చినా నాటకం నడవడానికి అది అవసరమైన పనై ఉండాలి. మన రేవు పిల్లల యాసని దిద్దకు. నాటకంలో వాళ్ల మాట వాళ్లనే మాట్లాడనివ్వు. పుస్తకభాష రాతలో మెల్లగా వస్తుంది.

చివరికి లెక్క చూసుకోవడం. ఆట మొదలుపెట్టే ముందు ఒక్కొక్కరి చేత ఒక పేరా చదివించి, నాలుగు వాక్యాలు రాయించి దాచు. వర్క్‌షాపు అయిన వారం తర్వాత మళ్లీ చదివించు, మళ్లీ రాయించు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడు. మార్పు లేని పిల్లల పేర్లు విడిగా రాసుకో. వచ్చేసారి ముఖ్యమైన పాత్రలు వాళ్లకే ఇవ్వు. మీ లెక్చరర్ గారి ముందు ఆ కాగితాలే పెట్టు.

మొదటి వారంలో నువ్వేమీ ఆడించకు. పిల్లల పేర్లు, ఇళ్లు, ఆటలు తెలుసుకో. రెండో వారంలో ఒక్క కేతిగాడు చాలు. మూడో వారంలో పంచె కట్టు. హెచ్.ఎం. గారికి ముందే చెప్పి, ఒక శనివారం పూట అడుగు. బొమ్మలకి కావాల్సిన అట్టలు, ఈనెలు నేను పోగు చేయిస్తాను. లెసన్ ప్లాను మాత్రం నువ్వే రాసి నాకు పంపు, చదివి నా మాట చెబుతాను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య