సంఘం లేని సారథి

పూర్వం తెలుగు నేల మీద ఉప్పు, ధాన్యం ఎద్దుల వీపుల మీద ప్రయాణం చేసేవి. పెరికలు, లంబాడీలు బారులు బారులుగా ఎద్దులను తోలుకొని సముద్రతీరం నుంచి మెరక సీమలకు ఉప్పు చేరవేసేవారు. ఆ గుంపునకే బిడారు అని పేరు. బిడారులో ఎవరూ ఒంటరిగా నడవరు. దారిలో దొంగల బెడద వచ్చినా, సుంకం దగ్గర పేచీ వచ్చినా అందరిదీ ఒకటే మాట. ఈనాడు అదే ఉప్పును, అదే ధాన్యాన్ని మోసుకొనిపోయే లారీ డ్రైవరుకు అటువంటి గుంపు లేదు. అతని జీతం తక్కువగా ఉండటానికి గల కారణాలలో ముఖ్యమైనది ఇదే.

చెన్నై నుంచి కోల్‌కతాకు వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి, హైదరాబాదు మీదుగా మచిలీపట్నం చేరే 65వ నంబరు రహదారి విజయవాడలో కలుసుకుంటాయి. అక్కడి ఆటోనగర్‌లో మరమ్మతు కోసం ఆగిన లారీల నడుమ డ్రైవర్ల సంపాదన లెక్క వింటే ఆశ్చర్యం కలుగుతుంది. నెల జీతమో, ట్రిప్పుకు ఇంత అనో ఒక మొత్తం ఉంటుంది. దానిపైన రోజు బత్తా. ఇవి చాలనప్పుడు మూడోది, ట్రిప్పు ఖర్చులో మిగులు. యజమాని డీజిలుకు, పంక్చర్లకు, దారిలో చెల్లించక తప్పని మామూళ్లకు కలిపి కొంత సొమ్ము చేతికిస్తాడు. మిగిలితే డ్రైవరుది; తగ్గితే అదీ చాలాసార్లు డ్రైవరుదే. కనుక అతడు మిగుల్చుకోగలిగింది తన తిండిలోనుంచి, తన నిద్రలోనుంచి మాత్రమే. ఫ్యాక్టరీ గేటు ముందు సరుకు దించడానికి రెండు రోజులు నిరీక్షించవలసి వస్తే, ట్రిప్పు లెక్కన పనిచేసే వానికి ఆ రెండు రోజులకూ కూలి లేదు. భవిష్య నిధి, వైద్య బీమా ఎందరికో వినికిడి మాటలే. నియామక పత్రం సంగతి అడగనే అక్కరలేదు.

సారథ్యాన్ని చిన్నచూపు చూడటం కొత్త కాదు. కర్ణుని రథం తోలమన్నందుకు మద్రరాజు శల్యుడు ఎంతగా మండిపడ్డాడో భారతం చదివిన వారందరికీ తెలుసు. అయితే శల్యునికి రాజ్యముంది, షరతు పెట్టి మరీ పగ్గాలు పట్టగలిగాడు. షరతు పెట్టే శక్తి లారీ డ్రైవరుకు ఎక్కడిది?

చట్టం ఆ శక్తిని కొంత ఇవ్వజూపింది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పనినీ, వారానికొక సెలవునూ నిర్ణయించింది. దూర ప్రయాణాలకు కొద్దిపాటి సడలింపు కూడా ఉండేది. కాని ఒక యజమాని కింద కనీసం ఐదుగురు కార్మికులుంటేనే సాధారణంగా ఆ చట్టం వర్తించేది. దేశంలో లారీలు అధిక భాగం ఒకటి, రెండు బండ్లున్న చిన్న యజమానులవే. వారిలో ఎందరో నిన్నటి డ్రైవర్లు. ఫైనాన్సు వాయిదాలు కట్టలేక సతమతమయ్యేవారు. కిరాయి ధర వారి చేతిలో లేదు, ట్రాన్స్‌పోర్టు ఆఫీసు చేతిలో ఉంటుంది. ఇక డ్రైవరు జీతం పెంచమని ఎవరిని అడగాలి? 1961 చట్టాన్ని తనలో కలుపుకొన్న 2020 నాటి వృత్తి భద్రతా స్మృతి 2025 నవంబరులో అమలులోకి వచ్చింది. అందులో ఆ ఐదుగురి సంఖ్య పదికి పెరిగింది.

ఇదే రహదారి మీద, ఇదే హెవీ లైసెన్సుతో ఆర్టీసీ డ్రైవరూ బండి నడుపుతాడు. అతనికి సంఘముంది. కారణం డిపో. తెల్లవారుజామున డ్యూటీ చార్టు దగ్గర, రాత్రి క్యాషు కట్టే చోట కార్మికులు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు, కష్టం చెప్పుకుంటారు, చందా రాస్తారు. 2019లో తెలంగాణ ఆర్టీసీ కార్మికులు 52 రోజులు సమ్మె చేశారు. దాని ఫలితం పట్ల భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు గాని, అన్నాళ్లు అంతమంది కలిసి నిలవడం డిపో లేనిదే సాధ్యం కాదు. లారీ డ్రైవర్లు కలుసుకునేది ఢాబా మంచాల మీద. మరునాటికి ఒకరు నాగపూరులో, మరొకరు కటకంలో ఉంటారు.

డిపో ఉంటే లారీ డ్రైవర్లూ సంఘటితులు కాగలరని అమెరికా నిరూపించింది. 1903లో ఏర్పడిన అక్కడి డ్రైవర్ల సంఘం పేరు టీమ్‌స్టర్స్. గుర్రాల జతలను తోలేవారని ఆ మాటకు అర్థం. సరుకు మార్చే పెద్ద గోదాములను ఆధారం చేసుకొని ఆ సంఘం ఎదిగింది. 1964లో జిమ్మీ హోఫా నాయకత్వంలో నాలుగు లక్షల మందికి పైగా డ్రైవర్లకు ఒకే వేతన ఒప్పందం కుదిరింది. 1980లో వచ్చిన మోటారు క్యారియర్ చట్టం రవాణా వ్యాపారంపై నియంత్రణలను సడలించింది. సంఘం లేని కంపెనీలు వేలకొద్దీ పుట్టుకొచ్చి తక్కువ కిరాయికి సరుకు ఎత్తుకున్నాయి. సంఘమున్నవి ఒక్కొక్కటే మూతపడ్డాయి. సభ్యత్వం కరిగినకొద్దీ డ్రైవరు జీతం విలువా కరిగింది. అక్కడ దూర ప్రయాణాల జీతం ఎక్కువగా మైలు లెక్కన ఇస్తారు. నిరీక్షణకు కూలి లేకపోవడం ఆటోనగర్‌లో విన్న కథే.

మన దేశంలో లారీల సమ్మె అని పత్రికలు రాసేది తరచుగా యజమానుల సమ్మె. డీజిలు ధర, బీమా రుసుము, టోలు అందులో డిమాండ్లు. డ్రైవరు జీతం కనిపించదు. 2024 జనవరి 1, 2 తేదీలలో మాత్రం డ్రైవర్లే చాలాచోట్ల బండ్లు ఆపారు. ప్రమాదంలో మనిషి మరణించగా సమాచారమివ్వకుండా పారిపోయిన డ్రైవరుకు పదేళ్ల వరకు జైలుశిక్ష విధించే కొత్త న్యాయసంహిత నిబంధన వారిని భయపెట్టింది. ఆగితే జనం కొట్టి చంపుతారు, పోతే పదేళ్ల జైలు అన్నది వారి గోడు. హైదరాబాదులో పెట్రోలు బంకుల ముందు వాహనాలు బారులు తీరాయి. రెండో నాటి రాత్రికే ప్రభుత్వం చర్చలకు దిగింది. 2024 జులై 1న న్యాయసంహిత అమలులోకి వచ్చినప్పుడు ఆ ఒక్క ఉపనిబంధనను పక్కన పెట్టారు.

ఆ రాత్రి ఢిల్లీలో ప్రభుత్వం ఎదుట చర్చలకు కూర్చున్నది అఖిల భారత మోటారు ట్రాన్స్‌పోర్టు కాంగ్రెస్. అది రవాణా వ్యాపారుల సంఘం.