ఒంటి గదిలో రెండు గినీ పిగ్‌లు: ఢిల్లీ ఎండకు తట్టుకునే ఇల్లు ఎలా?

దక్షిణ ఢిల్లీలో ఐఐటీకి, జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి చేరువలో ఉన్న బేర్ సరాయ్‌లో పోటీ పరీక్షల పుస్తకాల దుకాణాలు, ఇరుకు సందులు, అద్దె గదులు ఎక్కువ. అలాంటి గదిలో కుక్కను పెంచడం కష్టం కాబట్టి, కిలో బరువు మాత్రమే ఉండే గినీ పిగ్ సులువనిపిస్తుంది. అయితే ఇక్కడికి దగ్గర్లోని సఫ్దర్‌జంగ్ వాతావరణ కేంద్రంలో 2024 మే 29న 46.8 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. గినీ పిగ్‌కు హాయిగా ఉండేది 18 నుంచి 24 డిగ్రీల మధ్యే. దాని ఇంటి అమరికలో అసలు చిక్కు ఇదే.

జంట ఎందుకు?

దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతాల్లో వేల ఏళ్ల క్రితమే మచ్చికైన ఈ జంతువు గుంపుగా బతుకుతుంది. అందుకే ఇలాంటి జంతువులను ఒంటరిగా ఉంచకూడదని స్విట్జర్లాండ్ 2008లో నిబంధన తెచ్చింది. రెండు ఆడవాటిని కలిపి పెంచడం సులువు. ఆడ పిల్ల నాలుగైదు వారాలకే గర్భం దాల్చగలదు. కాబట్టి కొనేటప్పుడే పశువైద్యుడి చేత లింగ నిర్ధారణ చేయించాలి.

ఎంత చోటు?

జంటకు కనీసం ఏడున్నర చదరపు అడుగులు, వీలైతే పది చదరపు అడుగుల నేల కావాలి. అంటే అయిదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. ఇవి ఎగబాకవు, పరుగెత్తుతాయి. అందుకే అంతస్తుల పంజరం కన్నా పొడవైన నేలే మేలు. తీగల అడుగు పాదాలకు పుండ్లు చేస్తుంది. గట్టి అడుగు మీద మెత్తని ఉన్ని గుడ్డ పరచాలి. దాక్కోవడానికి రెండు గూళ్లు, ఒక్కోదానికి రెండు దారులు ఉండాలి. అప్పుడు ఒకటి రెండోదాన్ని మూలకు నెట్టలేదు.

మూత్రంలోని యూరియాను బ్యాక్టీరియా విడగొట్టినప్పుడు అమ్మోనియా పుడుతుంది. అది ఊపిరితిత్తులకు చేటు. నిలబడిన మనిషికి తెలియని ఘాటు, నేలకు ఆనుకుని బతికే జంతువుకు తెలుస్తుంది. కాబట్టి వంగి, పరుపు దగ్గర వాసన చూడాలి. గాలి ఆడని గాజు తొట్టెలు పనికిరావు.

ఫ్యాన్ ఎందుకు చాలదు?

మనిషికి ఫ్యాన్ గాలి చల్లగా అనిపించేది చెమట ఆవిరవుతూ వేడిని తీసుకుపోవడం వల్ల. గినీ పిగ్‌కు అలా చెమట పట్టదు. దాని శరీర ఉష్ణోగ్రత దాదాపు 38, 39 డిగ్రీలు. గది గాలి అంతకన్నా వేడెక్కితే ఫ్యాన్ దానికి వేడినే చేరవేస్తుంది.

మే నెల పొడి గాలిలో కూలర్ గది ఉష్ణోగ్రతను బాగా తగ్గిస్తుంది. కానీ జూలైలో గాలి తేమతో నిండాక నీరు సరిగా ఆవిరి కాదు, కూలర్ ఫలితమూ పడిపోతుంది. అప్పుడు ఏసీ కావాలి. పై అంతస్తు గదిలో పంజరాన్ని ఎండ తగలని గోడ వైపు పెట్టాలి. నేల పలక చల్లదనం, గుడ్డ చుట్టిన మంచు సీసా కొంత సాయం చేస్తాయి. కరెంటు పోయినప్పుడు అక్కరకొచ్చేవి ఇవే. జంతువు నోటి నుంచి చొంగ కారుస్తూ, వేగంగా ఊపిరి తీస్తూ చతికిలబడితే వడదెబ్బే. దాన్ని చల్లని చోటికి మార్చి వెంటనే వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి.

తిండిలో సి విటమిన్

మనిషిలాగే గినీ పిగ్ శరీరం కూడా సి విటమిన్‌ను తయారు చేసుకోలేదు. 1907లో నార్వే శాస్త్రవేత్తలు ఆక్సెల్ హోల్స్ట్, థియోడోర్ ఫ్రోలిక్ ధాన్యం మాత్రమే తిన్న గినీ పిగ్‌లకు స్కర్వీ వస్తుందని చూపారు. అందువల్ల రోజూ కాస్త క్యాప్సికం ఇవ్వాలి. పళ్లు జీవితమంతా పెరుగుతూనే ఉంటాయి కాబట్టి, వాటిని అరగదీసే ఎండుగడ్డి ఎప్పుడూ ముందుండాలి.

పంజరం ధర కన్నా ముందు లెక్క చూడాల్సింది గది వేడినే. మధ్యాహ్నం మూడింటికి, నేల ఎత్తున థర్మామీటర్ పెట్టి చూడాలి. జూన్‌లోనూ, జూలైలోనూ ఆ గదిని చల్లగా ఉంచగలిగితేనే జంటను ఇంటికి తేవాలి.