కామెర్లు తగ్గాయని మాత్రలు ఆపవద్దు

కళ్ళు పచ్చబడగానే మన ఇళ్ళలో లివరు చెడిందనే అనుకుంటారు. పసరు మందు, ఉప్పులేని చప్పిడి కూడు మొదలుపెడతారు. కానీ కామెర్లు రక్తం వల్ల కూడా వస్తాయి. కొందరిలో రక్తం, లివరు రెండూ దెబ్బతింటాయి.

సూక్ష్మక్రిములతో పోరాడవలసిన రక్షణ శక్తి దారి తప్పి సొంత శరీరం మీదే దాడి చేస్తే వచ్చే జబ్బులను ఆటోఇమ్యూన్ జబ్బులు అంటారు. దాడి ఎర్ర రక్తకణాల మీద జరిగితే, సుమారు 120 రోజులు బతకవలసిన కణాలు ముందే నశిస్తాయి. హిమోగ్లోబిన్ పడిపోతుంది. ఆ కణాల నుండి పుట్టే బిలిరుబిన్ అనే పసుపు పదార్థం కళ్ళలో కనిపిస్తుంది. దాడి లివరు మీద జరిగితే అది వాచి, వైద్యం లేకపోతే క్రమంగా గట్టిపడుతుంది. రెండు జబ్బులూ ఒకేసారి రావాలని లేదు. ఒకటి వచ్చిన కొన్నేళ్ళకు రెండవది బయటపడవచ్చు. ఇవి అంటువ్యాధులు కావు. రోగికి కంచం, గ్లాసు వేరు చేయనక్కరలేదు.

కణాలపై దాడిని కూంబ్స్ పరీక్షతోను, లివరు సంగతి ఎస్.జి.పి.టి., యాంటీబాడీ పరీక్షలతోను తెలుసుకుంటారు. ఒక్కోసారి లివరు నుండి చిన్న ముక్క తీసి చూస్తారు. రక్తం ఎక్కించవలసి వస్తే మ్యాచింగ్ కు చాలా గంటలు పట్టవచ్చు. రోగి రక్తంలోని యాంటీబాడీలు దాతల రక్తంతో కూడా కలియబడతాయి కాబట్టి ఆలస్యమవుతుంది. దయచేసి బ్లడ్ బ్యాంకు వారిపై కోపపడకండి. రక్తం తక్కువని ఐరన్ టానిక్ మీ అంతట మీరు కొనవద్దు. ఈ జబ్బుకు కారణం ఇనుము లోపం కాదు.

రెండింటికీ ముఖ్యమైన మందు ప్రెడ్నిసొలోన్. తరువాత అజాథయోప్రిన్ కలుపుతారు. పెళ్ళీడు పిల్లకు ముఖం ఉబ్బిందనో, కళ్ళు తెల్లబడ్డాయనో చాలామంది మధ్యలో మానేస్తారు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. జబ్బు తిరగబెడుతుంది. అంతేకాదు, చాలాకాలం వాడిన స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపితే బి.పి. పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు. డాక్టరుగారే డోసు మెల్లగా తగ్గిస్తారు, ముఖం వాపు కూడా అప్పుడే తగ్గుతుంది. లివరు జబ్బుకు మాత్రలు ఏళ్ళ తరబడి వాడాలి. పరీక్షలు కనీసం రెండేళ్ళు మామూలుగా ఉన్న తరువాతే ఆపడం గురించి ఆలోచిస్తారు.

స్టెరాయిడ్ మాత్ర తిన్న తరువాతే ఇవ్వండి. షుగరు, బి.పి. చూపిస్తూ ఉండండి. పసరు మందులు వద్దు, కొన్ని లివరును ఇంకా పాడుచేస్తాయి.

జ్వరం, ఆయాసం, నల్లటి విరేచనం, కోలా రంగు మూత్రం, ఒంటిపై ఎర్ర చుక్కలు, మగత, తికమక మాటలు కనిపిస్తే తెల్లవారే దాకా ఆగకుండా తీసుకురండి. వచ్చేటప్పుడు మాత్రల చీటీ, పాత రిపోర్టులు తేవడం మరువకండి.